ఇచ్చి వదిలేయడం ఎందుకంత కష్టం?

ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వడం గురించి ఎక్కడ మాట వచ్చినా, వెనకాలే ఒక అభ్యంతరం కూడా వస్తుంది. "ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరండీ. కొందరు పేరు కోసం ఇస్తారు, కొందరు పుణ్యం కోసం ఇస్తారు. అవి రెండూ వద్దనుకున్నవాళ్లు కూడా ఇచ్చామన్న తృప్తి కోసం ఇస్తారు." ఈ వాదన వినడానికి గట్టిగానే ఉంటుంది. కాదనడమూ కష్టమే, ఎందుకంటే ఎవరి మనసులో ఏముందో బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే చాలామంది ఇక్కడే ఆగిపోయి, నిష్కామంగా ఇవ్వడం అనేది చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ మనుషుల వల్ల అయ్యే పని కాదని తేల్చేస్తారు.

ఇది తొందరపాటు తీర్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇందులో మూడు వేరువేరు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఇచ్చినవాడికి లోపల ఏమనిపించింది అనేది ఒకటి. ఇచ్చాక పుచ్చుకున్నవాడి మీద ఏం మిగిలింది అనేది రెండోది. అసలు ఇవ్వనని చెప్పే వీలు ఇచ్చినవాడికి ఉందా అనేది మూడోది. మనం ఎప్పుడూ మొదటిదాని దగ్గరే తల బద్దలు కొట్టుకుంటాం. అసలు సంగతంతా రెండోదాంట్లో ఉంది. మూడోదాన్నైతే అడిగేవాళ్లే తక్కువ.

అయినా ముందు ఆ మొదటి ప్రశ్ననే చూడాలి. దాన్ని దాటకపోతే మిగతావి కనపడవు.

ఇచ్చేవాడికి సంతోషం కలుగుతుందన్నది నిజమే, అందులో దాచాల్సిందేమీ లేదు. జేమ్స్ ఆండ్రియోని అనే అమెరికన్ ఆర్థికవేత్త 1989, 1990లలో రాసిన పత్రాల్లో దీన్ని లెక్కలోకి తెచ్చారు. అవతలివాళ్లకు మేలు జరగడం ఒక్కటే నాకు ముఖ్యమైతే, అది ఎవరి డబ్బుతో జరిగినా నాకు ఒకటే కావాలి. ప్రభుత్వం పన్నుల డబ్బుతో ఆ పని చేసేస్తే, నేను ఆ మేరకు ఇవ్వడం మానేయాలి. కానీ జనం అలా పూర్తిగా మానుకోరు. తమ చేత్తో ఇవ్వడంలోనే వాళ్లకు ఏదో దొరుకుతోందని ఆయన వాదన. 2008లో ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, మైకేల్ నార్టన్ ఒక ప్రయోగం చేశారు. పొద్దున కొంతమంది చేతికి కాస్త డబ్బిచ్చి, కొందరిని సాయంత్రంలోగా తమకోసం ఖర్చు పెట్టుకోమన్నారు, మిగతావాళ్లను ఇతరుల కోసం ఖర్చు పెట్టమన్నారు. సాయంత్రం అడిగి చూస్తే, ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. 2012లో అక్నిన్, డన్ మరో పరిశోధకురాలితో కలిసి రెండేళ్లు నిండని పిల్లల్ని గమనించారు. తాయిలం తమ చేతికి వచ్చినప్పటికంటే, దాన్ని ఒక బొమ్మకు పెట్టినప్పుడు ఆ పిల్లలు ఎక్కువ మురిసిపోయారు. తమ వాటాలోంచి తీసి పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ మురిసిపోయారు.

సరే, సంతోషం కలిగింది. అంతమాత్రాన సంతోషం కోసమే ఇచ్చారని అర్థమా? వాదన జారిపోయేది ఇక్కడే. పిల్లాడికి జ్వరం తగ్గితే తల్లి ప్రాణం కుదుటపడుతుంది. ఆ నెమ్మది కోసమే ఆవిడ రాత్రంతా మేలుకుందని ఎవరైనా అంటారా? ఎదుటివాడి బాగు మనకు పట్టకపోతే, వాడు బాగుపడినందుకు మనకు సంతోషం ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు పట్టింపు ఉంటేనే తర్వాత సంతోషం. తర్వాత వచ్చినదాన్ని తీసుకెళ్లి మొదట్లో పెట్టి, అదే కారణమని చెప్తున్నారు.

డేనియల్ బ్యాట్సన్ అనే సైకాలజిస్టు ఈ చిక్కును ప్రయోగంలో పెట్టి విప్పాలని చూశారు. 1981లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగం ఇలా సాగుతుంది. ఒక గదిలో కూర్చున్న విద్యార్థినికి తెర మీద ఇంకో అమ్మాయి కనపడుతుంది. ఆ అమ్మాయికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు, ఆమె తట్టుకోలేకపోతున్నట్టు చూపిస్తారు. నిజానికి షాకులేమీ ఉండవు, అది నటన. తర్వాత చూస్తున్న విద్యార్థినిని అడుగుతారు: మిగతా షాకులు ఆమె బదులు నువ్వు తీసుకుంటావా? కొందరికి తప్పించుకునే దారి సులువుగా ఇచ్చారు, ఇష్టం లేకపోతే ఇంక చూడనక్కర్లేదు, వెళ్లిపోవచ్చు. కొందరు కాదన్నా కూర్చుని చివరిదాకా చూడాల్సిందే. తన ఇబ్బంది పోగొట్టుకోవడం కోసమే మనిషి సాయపడేటట్టయితే, తలుపు తెరిచి ఉన్నప్పుడు లేచి వెళ్లిపోవాలి. ఆ అమ్మాయి తనలాంటిదే అనుకోని వాళ్లలో ఎక్కువమంది అదే చేశారు. ఆమె తనలాంటిదే అనుకుని, ఆమె బాధ మనసుకు తగిలినవాళ్లలో మాత్రం, వెళ్లిపోయే వీలున్నా ఎక్కువమంది షాకులు తామే తీసుకుంటామన్నారు.

దీని మీద వాదోపవాదాలు చాలా ఏళ్లు నడిచాయి. రాబర్ట్ చాల్దీని లాంటి సైకాలజిస్టులు, అవతలి మనిషిలో తననే చూసుకున్నాడు కాబట్టి అది కూడా ఒకరకంగా స్వార్థమే అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు అభ్యంతరంగా కాక అంగీకారంగానే వినపడుతుంది. పరాయి మనిషి నొప్పి నా నొప్పిలా అనిపించేంత దూరం స్వార్థం సాగిందంటే, దాన్ని ఇంకా ఆ పేరుతో పిలిచి మనం సాధించేదేముంది? ఇచ్చేవాడి మనసు తవ్వుకుంటూ పోతే అడుగు దొరకదు. దొరకాల్సిన అవసరం కూడా లేదు.

అసలైన ప్రశ్న అవతలి ఒడ్డున ఉంది. ఇచ్చాక పుచ్చుకున్న మనిషి పరిస్థితి ఏమిటి?

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుకల గురించి రాసిన సుదీర్ఘ వ్యాసం ఈ విషయంలో పెద్ద మలుపు. పసిఫిక్ దీవుల్లోనూ, ఉత్తర అమెరికా వాయవ్య తీరంలోనూ, పాత రోమన్, భారతీయ, జర్మనిక్ ధర్మశాస్త్రాల్లోనూ కానుకల పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి ఆయన చెప్పింది ఇదీ: పైకి స్వచ్ఛందంగా కనపడే కానుక వెనక మూడు కట్టుబాట్లు ఉంటాయి. ఇవ్వాలి, ఇచ్చింది తీసుకోవాలి, తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. తిరిగి ఇవ్వలేనివాడు ఇచ్చినవాడి కంటే తక్కువవాడైపోతాడు. ట్రోబ్రియాండ్ దీవుల్లో గవ్వల హారాలు ఒక దిక్కుగా, గవ్వల కడియాలు దానికి ఎదురు దిక్కుగా దీవి నుంచి దీవికి తిరుగుతూ ఉండే 'కులా' అనే కానుకల వలయాన్ని మానవశాస్త్రవేత్త బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ 1922లో వివరంగా రాశారు. అక్కడ ఎవరూ కానుకను తన దగ్గర ఎక్కువకాలం ఉంచుకోకూడదు. ఉంచుకున్నవాడికి చెడ్డపేరు. ఆ కదలికే దీవుల మధ్య స్నేహాన్ని నిలబెడుతుంది. అంటే కానుక మనుషుల్ని కలుపుతుంది, కట్టి కూడా పడేస్తుంది. రెండు పనులూ ఒకే తాడు చేస్తోంది.

ఈ కట్టు ఎంత బలమైనదో డెన్నిస్ రీగన్ 1971లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం చూపిస్తుంది. కూడా ఉన్న మనిషి అడగకుండానే ఒక కూల్ డ్రింక్ తెచ్చి ఇస్తాడు. కాసేపటికి అతనే లాటరీ టికెట్లు కొనమని అడుగుతాడు. డ్రింక్ పుచ్చుకున్నవాళ్లు, పుచ్చుకోనివాళ్ల కంటే బాగా ఎక్కువ టికెట్లు కొన్నారు. అతనంటే ఇష్టం ఉందా లేదా అన్నదాంతో పెద్దగా సంబంధం లేకపోయింది. అడగనిదే ఇచ్చినదానికి కూడా మనసు బాకీ రాసుకుంటుంది.

కాబట్టి తిరిగి ఏమీ వద్దు అని నోటితో అనడం సరిపోదు. ఆశ మాయమైపోదు, వేషం మార్చుకుంటుంది. డబ్బు తిరిగి రావాలనుకోవడం అన్నిటికంటే పైకి కనపడే ఆశ, అందుకే దాన్ని వదులుకోవడం సులువు. కృతజ్ఞత కావాలనుకోవడం ఇంకాస్త లోతులో ఉంటుంది. నా మాట వినాలి, నేను చెప్పినట్టు బాగుపడాలి, కనీసం నేనిచ్చినదాన్ని నాకు నచ్చినట్టు వాడుకోవాలి అనుకోవడం అంతకంటే లోతులో ఉంటుంది. అక్కడిదాకా పోయి చూసుకునేవాళ్లు తక్కువ.

ఒక కుర్రాడి చదువుకు పెదనాన్న ఫీజులు కట్టారనుకుందాం. ఇచ్చేటప్పుడు ఆయన మనసులో ఏ లెక్కా లేదు. తిరిగి ఇవ్వమని ఒక్కసారి కూడా అడగలేదు. కుర్రాడు చదువు ముగించి ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు నలుగురూ కూర్చున్నచోట ఆయన భుజం మీద చెయ్యేసి, "వీణ్ణి చదివించింది నేనేనండీ" అన్నారు. ప్రేమగానే అన్నారు, గర్వపడుతూ అన్నారు. కుర్రాడు నవ్వి తల వంచుకున్నాడు. ఇంకొన్నాళ్లకు ఉద్యోగం మారాడు. "మాకు ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా?" అని ఫోన్. పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఆయన అభిప్రాయం అడక్క తప్పని పరిస్థితి. ఎప్పుడైనా ఎదురు మాట్లాడితే ఆయన ఏమీ అనరు, పెద్దమ్మ మాత్రం అంటుంది: "చేసిందంతా మర్చిపోయాడు." ఫీజుల అప్పు అయితే ఈపాటికి తీరిపోయి ఉండేది. బ్యాంకుకు వాయిదాలన్నీ కట్టేసిన రోజు ఒకటి వస్తుంది. ఈ బాకీకి ఆ రోజు రాదు, ఎందుకంటే మొత్తం ఎంతో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ పెదనాన్న చెడ్డవాడని నేననడం లేదు. ఆయన దయ నిజం. ఇచ్చిన రోజున అది నిష్కామమే. కానీ ఇవ్వడం ఒక్కరోజు పని, వదిలేయడం రోజూ చేయాల్సిన పని. ఆయనకు మొదటిది వచ్చు, రెండోది అలవాటు కాలేదు.

ఈ ప్రమాదాన్ని పాతకాలపు వాళ్లు మనకంటే బాగా పసిగట్టారు. మొదటి శతాబ్దపు రోమన్ తత్వవేత్త సెనెకా ఉపకారాల గురించి చెప్తూ, ఇచ్చినవాడు వెంటనే మర్చిపోవాలి, పుచ్చుకున్నవాడు ఎప్పటికీ మర్చిపోకూడదు అన్నారు. ఖురాన్ రెండో అధ్యాయం 264వ వాక్యం, దెప్పిపొడుపులతోనూ నొప్పించడంతోనూ చేసిన దానాన్ని వ్యర్థం చేసుకోవద్దంటుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మత్తయి సువార్తలోది. ఇవన్నీ ఇచ్చేవాడి ఆత్మశుద్ధికి చెప్పిన నీతులుగా మనం చదువుకుంటాం. పుచ్చుకున్నవాడి తల ఎత్తుకునే ఉండేలా చూసే ఏర్పాట్లుగా చదివితే ఇంకా బాగా అర్థమవుతాయి.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పిన శ్లోకాలు ఉన్నాయి. ఇవ్వడం ధర్మం అనుకుని, తిరిగి ఉపకారం చేయనివాడికి, తగిన చోట, తగిన వేళ, తగినవాడికి ఇచ్చేది సాత్వికం. తిరిగి ఏదో వస్తుందనో, ఫలం దక్కుతుందనో, లేదా మనసు గింజుకుంటూనో ఇచ్చేది రాజసం. వేళకాని వేళ, తగనివాడికి, మర్యాద లేకుండా, చులకన చేసి ఇచ్చేది తామసం. ఈ వరుస చూడండి. ప్రతిఫలం ఆశించి ఇచ్చినదానికి మధ్య మెట్టు. అవమానించి ఇచ్చినదానికి అడుగు మెట్టు. అంటే, ఏమీ ఆశించకుండానే ఒక మనిషి ముఖాన విసిరేసినట్టు ఇస్తే, ఆశపడి ఇచ్చినవాడి కంటే కింద నిలబడతాడు. ఆశ లేకపోవడమే గొప్పతనం అనుకునేవాళ్లకు ఈ శ్లోకాలు గట్టి జవాబు.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టారు. అందులో ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికీ, పుచ్చుకున్నవాడెవరో ఇచ్చినవాడికీ తెలియకపోవడం చాలా ఎత్తైన మెట్టు, కానీ అన్నిటికంటే పైది కాదు. ఆ పైన ఇంకొకటి ఉంది: మనిషి ఇంకొకరి ముందు చేయి చాచాల్సిన అవసరమే రాకుండా అతనికి సాయమో అప్పో ఇవ్వడం, వ్యాపారంలో భాగస్వామిగా చేర్చుకోవడం, పని చూపించడం. అప్పులో డబ్బు తిరిగి వస్తుంది, భాగస్వామ్యంలో లాభం కూడా వస్తుంది. అయినా అవి ఊరికే ఇచ్చేసినదాని కంటే పైన ఉన్నాయి, ఎందుకంటే తీసుకున్నవాడు సమానుడిగా నిలబడతాడు. ఇచ్చినవాడికి ఏం దక్కింది అనేది ఆయన కొలత కానేకాదు.

ఈ లెక్కన బలి చక్రవర్తి కథ కూడా కొత్తగా కనపడుతుంది. వచ్చింది విష్ణువని, ఉన్నదంతా ఊడ్చుకుపోతాడని శుక్రాచార్యుడు హెచ్చరించినా బలి వెనక్కి తగ్గడు. పోతన ఆ ఘట్టంలో బలి చేత ఒక మాట అనిపిస్తాడు. లక్ష్మీదేవి కొప్పు మీదా, చెక్కిలి మీదా ఆడిన ఆ చేయి ఇప్పుడు కిందై, నా చేయి పైన ఉండడం మేలు కాదా అని. రాజ్యం పోయినా, శరీరం పోయినా సరే, ఆ ఒక్క క్షణం తన చేయి పైన ఉంది. అందులో గర్వం లేదని ఎవరనగలరు? లోపలి శుద్ధతే పరీక్ష అయితే బలి తప్పినట్టే. అయినా వందల ఏళ్లుగా ఆయన్ని దాతల్లో మేటిగా చెప్పుకుంటున్నాం, అది సరైనదే. ధారపోశాక ఆ మూడడుగులు ఎక్కడ వేస్తావని ఆయన నిలదీయలేదు. మూడో అడుగుకు చోటు లేకపోతే తల చూపించాడు. ఇచ్చినదాని మీద ఇక తన మాట చెల్లదని ఒప్పుకున్నాడు.

ఇచ్చినదాని మీద పట్టు వదిలేయడం మనసుకు కష్టం కాబట్టి, ఆ కష్టాన్ని మనసు మీద పెట్టకుండా ఏర్పాటులోనే కలిపేసిన చోట్లు ఉన్నాయి. రక్తదానం అన్నిటిలోకీ మంచి ఉదాహరణ. నా రక్తం ఎవరికి ఎక్కిందో నాకు తెలియదు. ఎక్కించుకున్నవాడికి నేనెవరో తెలియదు. థ్యాంక్స్ చెప్పడానికీ, దెప్పడానికీ దారే లేదు. రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1970లో, డబ్బివ్వకుండా రక్తం సేకరించే బ్రిటన్ పద్ధతినీ, డబ్బిచ్చి కొనడం కూడా ఉన్న అమెరికా పద్ధతినీ పోల్చి చూశారు. డబ్బిస్తే ఇచ్చే గుణం సన్నగిల్లుతుందని, డబ్బు అవసరం ఉన్నవాళ్లు జబ్బులు దాచి రక్తం అమ్ముతారు కాబట్టి రక్తం నాణ్యత కూడా పడిపోతుందని వాదించారు. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సభ, డబ్బు తీసుకోని స్వచ్ఛంద రక్తదానాన్ని పెంచమని దేశాల్ని కోరింది.

డబ్బు ముట్టుకుంటే ఔదార్యం చచ్చిపోతుందన్న మాటను మాత్రం గుడ్డిగా పట్టుకోకూడదు. స్వీడన్‌లో 2008లో ప్రచురించిన ప్రయోగంలో, డబ్బిస్తామనగానే రక్తం ఇవ్వడానికి ముందుకొచ్చే ఆడవాళ్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లలో అంత తేడా కనపడలేదు. ఆ డబ్బును ఏదైనా సేవాసంస్థకు ఇచ్చేయవచ్చన్నాక ఆడవాళ్లు మళ్లీ ముందుకొచ్చారు. ఇంకోవైపు, 2013లో నికోలా లాచెటెరా, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు అసలైన రక్తదాన శిబిరాల సమాచారాన్ని సమీక్షించి, చిన్నచిన్న బహుమతులు పెడితే దాతలు పెరుగుతున్నారని, రక్తం సురక్షితంగానే ఉంటోందని చూపించారు. రెండూ నిజమే. ఇచ్చేవాడు తాను ఏం చేస్తున్నాడని అనుకుంటున్నాడో దాన్నిబట్టి డబ్బు ప్రభావం మారుతుంది. ఒక గౌరవ సూచకంగా ఇస్తే మనిషి సంతోషిస్తాడు, ధర కట్టినట్టు ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఇరవై నెలల పిల్లల్లోనే ఇది మొదలవుతుందని ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమాసెల్లో 2008లో చూపించారు. సాయం చేసినప్పుడల్లా బొమ్మ ఇచ్చిన పిల్లలు, బొమ్మలు ఆపేశాక మిగతా పిల్లల కంటే తక్కువ సాయపడ్డారు. నోటితో మెచ్చుకున్న పిల్లల్లో అలా జరగలేదు.

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అని ఒకాయన ఉండేవారు. పద్నాలుగేళ్లప్పుడు ఊపిరితిత్తికి పెద్ద ఆపరేషన్ జరిగింది. ముక్కూమొహం తెలియని వాళ్లు ఇచ్చిన రక్తంతో బతికారు. వయసు రాగానే తానూ ఇస్తానని అనుకుని 1954లో మొదలుపెట్టారు. ఆయన ప్లాస్మాలో యాంటీ-డి అనే అరుదైన యాంటీబాడీ ఉందని తర్వాత తెలిసింది. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్, కడుపులో బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తల్లి రక్తమే బిడ్డకు ప్రమాదంగా మారే జబ్బును ఆపే మందు దాంతో తయారవుతుంది. 2018లో వయసు మీరిందని డాక్టర్లు ఆపేదాకా ఆయన 1,173 సార్లు ఇచ్చారు. సూది గుచ్చేటప్పుడు ఒక్కసారి కూడా చేతివంక చూడలేదట, ఆయనకు సూదంటే భయం. 2025 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో పోయారు.

హారిసన్ చేసిన దానానికి ముందు ఒక బాకీ ఉంది, కాబట్టి అది ప్రతిఫలం లేని దానం కాదని ఎవరైనా అనవచ్చు. ఆ మాటను కొంచెం నిలిపి చూద్దాం. ఆయనకు రక్తం ఇచ్చినవాళ్లకు ఒక్క చుక్క కూడా తిరిగి వెళ్లలేదు. ఆయన పుట్టించిన మందు వాడిన తల్లులు ఆయనకు ఏమీ ఇవ్వలేదు. బాకీ ఉంది, అది వెనక్కి పోకుండా ముందుకు పోయింది. పెదనాన్న కథలో బాకీ ఇద్దరి మధ్యే తిరుగుతూ ఒకరి మెడకు చుట్టుకుంది. ఇక్కడ అదే బాకీ ఎవరినీ కట్టకుండా సాగిపోయింది. కృతజ్ఞతను వద్దని తోసేయనక్కర్లేదు, దానికి వేరే దారి చూపిస్తే చాలు. పుచ్చుకున్నవాడికి కూడా ఇందులో మర్యాద ఉంది. తిరిగి ఇచ్చే శక్తి లేనివాడిగా మిగిలిపోకుండా, ఇంకొకరికి ఇచ్చేవాడిగా మారతాడు. ఏదైనా పుచ్చుకోగానే ఎంత తొందరగా తీర్చేద్దామా అని మొహమాటపడిపోయే మనలాంటి వాళ్లం ఇది నేర్చుకోవడం అవసరం. వెంటనే తీర్చేయడం ఒక్కోసారి ఇచ్చినవాడి ముఖాన తలుపు వేయడమే.

జ్ఞానం విషయంలో ఇది ఇంకా తేలిక, ఎందుకంటే ఇచ్చినా తరగదు. 1993 ఏప్రిల్ 30న యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్, టిమ్ బెర్నర్స్-లీ అక్కడ తయారుచేసిన వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని రాసిచ్చేసింది. ఆ కాగితంలో షరతులు పెట్టి ఉంటే, ఈ ముక్క మీ తెర మీదికి ఇలా వచ్చేదే కాదేమో.

ఇక మూడో ప్రశ్న. ఇది రాయడం మొదలుపెట్టింది చాలావరకు దీనికోసమే.

ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వడం గొప్ప అని మనం ఎంత గట్టిగా చెప్పుకుంటామో, దాన్ని ఇంకొకరి దగ్గర లాక్కోవడానికి వాడుకునే అవకాశం అంత పెరుగుతుంది. ఇంట్లో ముసలివాళ్లకూ, జబ్బుపడ్డవాళ్లకూ రాత్రీపగలూ చాకిరీ చేసే కోడల్నో కూతుర్నో చూసి "ఆమెది ఎంత త్యాగం" అంటాం. ఆమెను ఎవరైనా అడిగారా? కాదంటే ఏమయ్యేది? నర్సుల్ని, టీచర్లను జీతం పెంచమని అడిగినప్పుడల్లా "ఇది ఉద్యోగం కాదు, సేవ" అని గుర్తుచేస్తాం. అడగకుండా తీసుకుని దానికి త్యాగమని పేరు పెట్టడం దోపిడీ. కాదని చెప్పే వీలు లేనిచోట ఔనన్నదానికి విలువ లేదు. ఆశ లేకుండా ఇవ్వమని మనం మనకు చెప్పుకోవచ్చు గానీ, ఎదుటివాడికి చెప్పే హక్కు మనకు లేదు.

కిడ్నీ దానం చేసే చోట ఈ విషయాన్ని మామూలు ఇళ్లలో కంటే ఎంతో జాగ్రత్తగా చూస్తారు. ఇంట్లో ఒకరికి కిడ్నీలు పాడైతే, ఇవ్వగలిగిన అన్నదమ్ముడో అక్కచెల్లెలో మీద ఎంత ఒత్తిడి ఉంటుందో చెప్పనక్కర్లేదు. అందుకే అమెరికాలో దాత పక్షాన మాట్లాడటానికి రోగితో సంబంధం లేని ఒక మనిషిని పెట్టడం తప్పనిసరి. దాతను ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఆపరేషన్ ముందు ఏ క్షణంలోనైనా మానుకోవచ్చని చెప్తారు. ఇష్టం లేదంటే, చాలా చోట్ల ఇంట్లోవాళ్లకు ఆ సంగతి చెప్పరు. ఈయన కిడ్నీ ఇవ్వడానికి తగడని మాత్రమే చెప్తారు. కాదన్నవాడి పరువు కాపాడటానికి కూడా పద్ధతి పెట్టారన్నమాట.

ఇంత స్వేచ్ఛ ఇస్తే ఎవరిస్తారు అనిపించవచ్చు. 2007లో అమెరికాలో, మిషిగన్‌కు చెందిన ఒకతను, ఎవరికైనా సరే నా కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చాడు. అతని కిడ్నీ అరిజోనాలో తనకు ఏమాత్రం తెలియని ఒకావిడకు అమిరింది. ఆవిడ భర్త భార్యకు ఇవ్వాలనుకున్నాడు గానీ అతనిది ఆమెకు సరిపోలేదు. ఇప్పుడు ఆమెకు కిడ్నీ దొరికింది కాబట్టి, అతను తనది ఇంకో కుటుంబంలో అలాగే సరిపోలని జంటకు ఇవ్వాలి. ఆ జంటలోని రెండో మనిషి మరో ఇంటికి. ఇలా గొలుసు సాగాలి. అంతకుముందు ఇలాంటి మార్పిళ్లన్నీ ఒకే సమయంలో చేసేవాళ్లు, తమవాళ్లకు కిడ్నీ అందాక రెండోవాళ్లు వెనక్కి తగ్గుతారేమోనన్న భయంతో. తగ్గితే కోర్టుకు లాగడానికి ఏ ఒప్పందమూ చెల్లదు. ఈ గొలుసులో మాత్రం ఆపరేషన్లు ఒకేసారి చేయలేదు, రోజులూ నెలలూ ఎడం ఇచ్చారు. ఎనిమిది నెలల్లో పది కిడ్నీలు మారాయని వైద్య పత్రికలో 2009లో రాశారు.

ఆ మొదటి దాత సంగతి పక్కన పెట్టండి. నాకు ఆసక్తి మధ్యలోవాళ్ల మీద. తన భార్యకో, తల్లికో కిడ్నీ అప్పటికే అందిపోయింది. ఆమె ఇంట్లో కోలుకుంటోంది. ఇతను ఇక ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమెకు ఏ లోటూ రాదు, చట్టం ఏమీ అనదు, ఇష్టం లేకపోతే మానుకోవచ్చని డాక్టర్లు మళ్లీ చెప్తారు. నెలల తరబడి అలా ఎదురుచూసి, ఒకరోజు ఫోన్ వస్తే వెళ్లి టేబుల్ ఎక్కినవాళ్లు వాళ్లు. ఆ తర్వాత ఇలాంటి గొలుసులు చాలా నడిచాయి. మధ్యలో వెనక్కి తగ్గినవాళ్లు చాలా అరుదు.